అతిథి యోధులు: క్రాసోవర్ ఫైటింగ్ గేముల్లో కొత్తగా చేరిన పాత్రను ఆడటం

వేరే గేముకో, వేరే కథాలోకానికో చెందిన పాత్ర ఒక ఫైటింగ్ గేములోకి వచ్చి అక్కడి యోధులతో తలపడితే దాన్ని అతిథి పాత్ర అంటారు. ఆటగాళ్ల నోట అది గెస్ట్ క్యారెక్టర్. గేముల నుంచే రావాలన్న నియమం లేదు. సినిమా, కామిక్స్, టీవీ ధారావాహిక, ఎక్కడి నుంచైనా రావచ్చు. 2025 ఏప్రిల్‌లో విడుదలైన 'ఫేటల్ ఫ్యూరీ: సిటీ ఆఫ్ ది వుల్వ్స్'లో ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో కూడా ఒక యోధుడే. ఇలా వేర్వేరు లోకాల పాత్రలను ఒకే బరిలో దించే ఆటలకు క్రాసోవర్ అన్న పేరు స్థిరపడింది.

అతిథికి పాత ముఖం, పాత దుస్తులు, పాత గొంతు ఇవ్వడం కళాకారుల పని. అది దాదాపు ఎప్పుడూ బాగానే కుదురుతుంది. కష్టమంతా వేళ్ల దగ్గర ఉంది. సొంత ఆటలో ఆ పాత్రను నడిపించిన బటన్ల వరస, దెబ్బకు దెబ్బకు మధ్య వ్యవధి, దూరాన్ని అంచనా కట్టే తీరు కొత్త ఇంట్లో ఎంతవరకు నిలిచాయన్నదే అతిథికి అసలు పరీక్ష. మంచి అతిథిని నేర్చుకునే ఆటగాడు ఒకేసారి రెండు ఆటలు నేర్చుకుంటాడు. ఈ ప్రక్రియలోని అందమంతా అక్కడే ఉంది.

తొలి అతిథులు

క్యాప్‌కామ్ సంస్థ 1994లో తెచ్చిన 'ఎక్స్-మెన్: చిల్డ్రన్ ఆఫ్ ది ఆటమ్'లో స్ట్రీట్ ఫైటర్ పాత్ర అకుమా రహస్యంగా దాగి ఉంటాడు. సరైన వరసలో బటన్లు నొక్కినవారికే దొరుకుతాడు. ఫైటింగ్ గేముల్లో అతిథుల చరిత్రను చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. అదే ఏడాది ఎస్‌ఎన్‌కే సంస్థ 'కింగ్ ఆఫ్ ఫైటర్స్ 94'లో తన సొంత ఆటలైన ఫేటల్ ఫ్యూరీ, ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్ వీరులను ముగ్గురేసి జట్లుగా కలిపింది. అకుమా ప్రయోగం విత్తనమైతే దాని పంట 1996లో 'ఎక్స్-మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్'గా వచ్చింది. 2000లో వచ్చిన 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2' నాటికి యోధుల సంఖ్య 56కు చేరింది.

మన దేశంలో ఒక తరానికి తెలిసిన తొలి అతిథి మాత్రం గాన్. 1998లో ప్లేస్టేషన్‌కు వచ్చిన 'టెక్కెన్ 3'లో కనిపించే ఈ చిట్టి డైనోసార్ మసాషి తనాకా గీసిన జపనీస్ కామిక్స్ నుంచి వచ్చింది. ఆర్కేడ్ యంత్రంలో అది లేదు. ఇంటి యంత్రానికి మాత్రమే చేర్చారు. అదీ 'టెక్కెన్ బాల్' అనే బంతి పోటీలో దాన్ని ఓడిస్తే దొరికేది. గంటకింత అని అద్దె కట్టి ఆడుకునే వీడియో గేమ్ పార్లర్లలో టెక్కెన్ 3 ఏళ్ల తరబడి రాజ్యమేలింది. గాన్‌తో ఆడేవాడికి అక్కడ మర్యాదా ఉండేది, తిట్లూ ఉండేవి. కారణం సూటిగా ఉంది. టెక్కెన్ దెబ్బలను పై, నడుమ, కింది అని మూడు ఎత్తులకు లెక్కించి కట్టారు. గాన్ చాలా పొట్టి కాబట్టి పైఎత్తు దెబ్బలన్నీ దాని తలమీదుగా ఊరికే పోతాయి. అతిథి రాకతో ఆ ఆట కొలతలే తారుమారయ్యాయి. గాన్ ఆ తర్వాత మరే టెక్కెన్‌లోనూ కనిపించలేదు.

2001 నాటి 'క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్‌ఎన్‌కే 2' ఈ చిక్కుకు తెలివైన విరుగుడు కనిపెట్టింది. యోధులతో పాటు ఆట నియమాలను కూడా ఎంచుకోమంది. గ్రూవ్ అనే పేరుతో ఆరు పద్ధతులు పెట్టింది. ఒకదానిలో దెబ్బను తోసిపుచ్చే 'స్ట్రీట్ ఫైటర్ 3' నాటి ప్యారీ ఉంటుంది, మరొకదానిలో చివరి క్షణంలో దెబ్బను ఆపే ఎస్‌ఎన్‌కే ఆటల తరహా జస్ట్ డిఫెన్స్ ఉంటుంది. ఏ వీరుడినైనా ఏ పద్ధతిలోనైనా దించవచ్చు. క్రాసోవర్ అంటే బొమ్మల కలయికే కాదు, నియమాల కలయిక కూడా అని ఇంత స్పష్టంగా చెప్పిన ఆట అంతకు ముందు లేదు.

వ్యాపార కోణాన్ని తేటగా చూపింది 'సోల్‌కాలిబర్ 2'. 2003లో మూడు ఇంటి యంత్రాలకు వచ్చినప్పుడు ఒక్కోదానికి ఒక్కో అతిథిని ఇచ్చారు: గేమ్‌క్యూబ్‌కు లింక్, ప్లేస్టేషన్ 2కు హెయిహాచి, ఎక్స్‌బాక్స్‌కు స్పాన్. ఆట ఒకటే అయినా ఏ యంత్రం కొనాలో అతిథి నిర్ణయించాడు.

రెండు వ్యాకరణాల నడుమ

'టెక్కెన్ 7'కు అకుమా రావడం ఈ ప్రక్రియలో పెద్ద మలుపు. టెక్కెన్‌లో నాలుగు బటన్లు నాలుగు అవయవాలకు చెందుతాయి: ఎడమ చేయి, కుడి చేయి, ఎడమ కాలు, కుడి కాలు. స్ట్రీట్ ఫైటర్‌లో ఆరు బటన్లు దెబ్బ బలాన్ని బట్టి ఉంటాయి: గుద్దులు మూడు రకాలు, తన్నులు మూడు రకాలు. టెక్కెన్ బరిలో పక్కకు జరిగి దెబ్బ తప్పించుకోవచ్చు. స్ట్రీట్ ఫైటర్ బరి ఒకే గీత. ఇంత తేడా ఉన్నా నిర్మాతలు అకుమా చేత హడోకెన్ అనే నిప్పుబంతి విసిరించారు, గాలిలోకి ఎగిరించి అక్కడి నుంచి కూడా నిప్పుబంతి వేయించారు, టెక్కెన్‌లో అప్పటిదాకా లేని మీటర్‌ను అతని కోసం తెర కింద అమర్చారు. దాన్ని ఖర్చు చేసి దెబ్బను మధ్యలో తెంపి మరో దెబ్బకు అతికించవచ్చు. కబడ్డీ కోర్టులో కుస్తీ యోధుడిని దించి, అతని పట్లన్నీ చెల్లుతాయని ప్రకటించినట్టయింది.

ఎదుటివాడి కష్టం చెప్పనలవి కాదు. టెక్కెన్‌లో ఏళ్ల తరబడి ఆడినవాడికి పైనుంచి దూకి వచ్చే దెబ్బను ఆపే అలవాటు ఉండదు. ఆ ఆటలో ఎగరడం చాలావరకు ప్రమాదమే తప్ప ఆయుధం కాదు. స్ట్రీట్ ఫైటర్ పాఠాలు నేర్వకుండా అకుమాను ఎదుర్కోలేమని అతనికి నెమ్మదిగా తెలిసింది. 2017 నవంబరులో ఎస్‌ఎన్‌కే నుంచి గీస్ హోవర్డ్ చేరినప్పుడు అదే పాఠం మరోసారి. గీస్‌కూ మీటర్ ఉంది, నేలమీద పాకే రెప్పుకెన్ ఉంది, ఎదుటివాడి దెబ్బను పట్టి తిరగేసే ఎత్తులున్నాయి. 2019 డిసెంబరులో బ్యాంకాక్‌లో జరిగిన టెక్కెన్ వరల్డ్ టూర్ ఫైనల్స్‌ను జపాన్ ఆటగాడు చికురిన్ గీస్‌తోనే గెలిచాడు. అతిథి పాత్ర సరదా కోసమే అన్న మాటకు అంతకు మించిన జవాబు అక్కర్లేదు.

అదే టెక్కెన్ 7లోకి 2018లో ఫైనల్ ఫాంటసీ 15 నుంచి నాక్టిస్, 2019లో వాకింగ్ డెడ్ నుంచి నీగన్ వచ్చారు. నాక్టిస్ కత్తులూ ఈటెలూ గాలిలోంచి పిలుస్తాడు, నీగన్ ముళ్లతీగ చుట్టిన బ్యాటు తెచ్చుకున్నాడు. ఇద్దరూ చూడముచ్చటగా ఉన్నారు. కానీ వాళ్ల వెంట మరో ఫైటింగ్ గేము నియమాలు రాలేదు, వాళ్ల సొంత లోకాల్లో అలాంటి నియమాలు లేవు కాబట్టి. అందుకే అకుమా, గీస్‌లను నేర్చుకోవడంలో ఉన్న లోతు వీరిద్దరి దగ్గర దొరకదు. 2024 డిసెంబరులో 'టెక్కెన్ 8'కు వచ్చిన క్లైవ్ రోస్‌ఫీల్డ్ నడుమ దారి పట్టాడు. సొంత ఆటలో శత్రువు మీదికి రివ్వున దూసుకెళ్లే ఫీనిక్స్ షిఫ్ట్‌ను ఇక్కడికీ తెచ్చాడు. ఫైనల్ ఫాంటసీ 16 ఆడినవారి వేళ్లు ఆ కదలికను గుర్తుపడతాయి.

నింటెండో వారి 'సూపర్ స్మాష్ బ్రోస్' ఈ కళను పరాకాష్ఠకు తీసుకెళ్లింది. ఈ ఆటలో ప్రాణాల గీత ఉండదు. దెబ్బ తిన్నకొద్దీ శాతం పెరుగుతుంది, శాతం పెరిగినకొద్దీ దూరంగా ఎగిరిపోతారు, వేదిక అంచు దాటి పడితే ఓటమి. 1999లో నింటెండో సొంత పాత్రలతో మొదలైన ఈ వరస 2008లో స్నేక్, సోనిక్‌లను బయటి నుంచి తెచ్చింది. 2018 డిసెంబరులో వచ్చిన 'అల్టిమేట్' 2021 అక్టోబరులో సోరా చేరికతో 89 మంది యోధుల వద్ద ఆగింది. దర్శకుడు మసాహిరో సకురాయ్ కొత్త పాత్రలు వచ్చినప్పుడల్లా స్వయంగా ఆడి చూపిస్తూ సుదీర్ఘమైన వీడియో పాఠాలు చెప్పేవాడు. ఏ దెబ్బ ఏ పాత ఆటలో ఏ సందర్భం నుంచి తీసుకున్నాడో ఆయన వివరించే తీరులో ఇతరుల సృష్టి పట్ల గౌరవం కనిపిస్తుంది.

ఆ ఆటలోకి 2019 నవంబరు 6న వచ్చిన ఎస్‌ఎన్‌కే వీరుడు టెర్రీ బోగార్డ్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. స్మాష్‌లో ప్రత్యేక దెబ్బకు ఒక దిక్కు, ఒక బటన్ చాలు. చిన్నపిల్లలు సైతం ఆడగలగాలని అలా కట్టారు. టెర్రీకి మాత్రం ఆ తేలిక దారితో పాటు ఫేటల్ ఫ్యూరీ నాటి పాత దారి కూడా ఉంచారు. స్టిక్‌ను కింది నుంచి ముందుకు పావు వలయం తిప్పి బటన్ నొక్కితే అదే దెబ్బ మరింత బలంగా పడుతుంది. ఒకరితో ఒకరు తలపడేటప్పుడు అతను తనంతట తానే ప్రత్యర్థి వైపు తిరుగుతాడు, పాత ఆర్కేడ్ యంత్రాల్లో లాగే. దెబ్బల శాతం 100 దాటాక పవర్ గీజర్, బస్టర్ వుల్ఫ్ అందుబాటులోకి వస్తాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మహాస్త్రం తీసే ఎస్‌ఎన్‌కే సంప్రదాయాన్ని శాతాల లెక్కలోకి ఇంత శుభ్రంగా మార్చడం సామాన్యం కాదు.

2021 జూన్‌లో టెక్కెన్ నుంచి చేరిన కజుయా మిషిమా ఇంకా పట్టుదల కోరుతాడు. అతని ఎలక్ట్రిక్ విండ్ గాడ్ ఫిస్ట్‌కు స్టిక్‌ను ముందుకు నొక్కి, వదిలి, కిందికి, ఆపై కింది మూలకు తెచ్చి, సరిగ్గా ఆ చివరి క్షణంలోనే బటన్ నొక్కాలి. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక ఫ్రేము అంటే దాదాపు 17 మిల్లీసెకన్లు. క్షణం తప్పితే మామూలు గుద్దు, కుదిరితే మెరుపు. టెక్కెన్‌లో ఏళ్లపాటు చేయి తిప్పినవాడు ఇక్కడికి వచ్చి మొదటి రోజే ఆ మెరుపు చూడగలడు. స్మాష్ మాత్రమే తెలిసినవాడు వారాల తరబడి సాధన చేయాలి. పాత చేతివాటానికి ఇంత విలువ దక్కడం ఆటగాడికి గొప్ప సంతోషం.

మైన్‌క్రాఫ్ట్ స్టీవ్ సంగతి వేరు. 2020 అక్టోబరు 13న వచ్చిన ఈ పాత్ర పోట్లాట మధ్యలో నేల తవ్వుతుంది. కలప, రాయి, ఇనుము, బంగారం, వజ్రం పోగుచేసి కత్తీ గొడ్డలీ తయారుచేసుకుంటుంది. వాడగా వాడగా అవి అరిగి విరిగిపోతాయి. గాలిలో ఇటుకలు పేర్చి నిలబడుతుంది. అతని ఇటుకల కోసం అప్పటికే ఉన్న వేదికలన్నింటినీ సరిచేయాల్సి వచ్చిందని సకురాయ్ చెప్పాడు. స్టీవ్‌ను ఆడేవాడు కొట్టడం కన్నా కూడబెట్టడం గురించి ఎక్కువ ఆలోచించాలి.

మొదటి వారాలు

కొత్త అతిథి వచ్చిన తొలి రోజుల్లో ఆటగాళ్లంతా దాదాపు సమాన అజ్ఞానులు. ప్రపంచ విజేతకూ తెలియదు, నిన్న మొన్న చేరినవాడికీ తెలియదు. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి కాలం దొరకదు. అయితే ఆ కాలాన్ని నేరుగా పోటీల్లో గడిపేయడం కంటే ప్రాక్టీస్ మోడ్‌లో మొదలుపెట్టడం మేలు. ముందు చూడాల్సినవి పొడవైన కాంబోలు కావు. అత్యంత వేగంగా తగిలే దెబ్బ ఏది, అది ఎంత దూరం పోతుంది, ప్రత్యర్థి ఆపితే మన చేయి ఎంతసేపు ఖాళీగా చిక్కుతుంది అన్న మూడు విషయాలు తెలిస్తే పునాది పడినట్టే. టెక్కెన్‌లో అతి వేగమైన జాబ్ సాధారణంగా పదో ఫ్రేములో తగులుతుంది. కాబట్టి ఆపించుకున్నాక పది ఫ్రేములో అంతకు మించో వెనకబడే దెబ్బ వేస్తే శిక్ష తప్పదు. ఈ ఫ్రేముల లెక్కను తెరమీద చూపే సదుపాయాన్ని టెక్కెన్ 7లో 2019లో విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది. తన ఆటను అర్థం చేసుకునే సాధనాన్ని అమ్మకానికి పెట్టడం సమర్థించదగిన పని కాదు.

రెండో మెట్టు, ఆ పాత్ర పుట్టింటి ఆటను కాసేపైనా ఆడటం. టెర్రీ నేల మీద పారించే పవర్ వేవ్ కింగ్ ఆఫ్ ఫైటర్స్‌లో ఎందుకుందో తెలిసినవాడు దాన్ని స్మాష్‌లో ఎప్పుడు వదలాలో తొందరగా పట్టుకుంటాడు.

తొలి వారాల గెలుపులన్నీ నైపుణ్యం వల్ల వచ్చినవి కావు. ఎదుటివాడికి మన దెబ్బలు తెలియకపోవడమే సగం బలం. ఆ తెలియనితనం తరిగాక మిగిలేదే ఆటగాడి సొంత సత్తా. అందుకే కొన్ని పోటీల్లో కొత్త పాత్రను విడుదలైన వెంటనే అనుమతించరు, కొన్ని రోజులు ఆగమంటారు. ఈ జాగ్రత్త ఎందుకో 2020 జనవరిలో తేలింది. అతిథి కాకపోయినా అప్పుడే కొత్తగా చేరిన లీరాయ్ స్మిత్, వచ్చిన ఆరేడు వారాలకే ఫైటింగ్ గేముల పెద్ద పోటీ అయిన ఎవో జపాన్ టెక్కెన్ విభాగం చివరి ఎనిమిది మందిలో ఎక్కువమంది చేతిలో ఉన్నాడు.

అతిబలం కాలంతో పోనిచోట చేదు మిగులుతుంది. స్మాష్ నాలుగో ఆటకు 2016లో చేరిన బయోనెటా అలాంటిదే. 2018లో ఎవో ఫైనల్లో ఇద్దరూ బయోనెటాతోనే దిగితే ప్రేక్షకులు గేలిచేశారు. అల్టిమేట్‌లో స్టీవ్‌ను 2022 తర్వాత అమెరికాలోని కొన్ని ప్రాంతాల పోటీల్లో నిషేధించారు. జపాన్‌కు చెందిన అకోలా మాత్రం అదే స్టీవ్‌తో అగ్రశ్రేణికి ఎదిగాడు. అతని ఆట చూసినవారికి అది పాత్ర బలమేనని కొట్టిపారేయడం కష్టం. అంత వేగంగా ఇటుకలు పేర్చడానికి చేతులు కావాలి.

ధర, ఒప్పందం, అదృశ్యం

నేటి అతిథులు ఎక్కువమంది డీఎల్‌సీగా, విడిగా కొనాల్సినవారుగా వస్తారు. ఈ దారిలో మొదటి పెద్ద గొడవ 2012లో 'స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్' దగ్గర జరిగింది. డిస్కులోనే ఉన్న 12 పాత్రలకు తాళం వేసి తర్వాత అమ్మబోతున్నారని బయటపడింది. అభిమానుల నమ్మకం దెబ్బతింది. దానికి జోడీగా 2010లో ప్రకటించిన 'టెక్కెన్ ఎక్స్ స్ట్రీట్ ఫైటర్' ఎన్నటికీ విడుదల కాలేదు.

అతిథి ఎప్పుడూ మరొకరి ఆస్తి. ఒప్పందం తీరితే వెళ్లిపోతాడు. 2013లో సోల్‌కాలిబర్ 2ను కొత్త యంత్రాలకు తిరిగి తెచ్చినప్పుడు హెయిహాచి, స్పాన్ ఉన్నారు, లింక్ లేడు. అదే ఏడాది చివర 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2' డిజిటల్ దుకాణాల నుంచి మాయమై 2024 సెప్టెంబరు దాకా తిరిగి రాలేదు. బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌ను బగ్స్ బన్నీతో తలపడనిచ్చిన 'మల్టీవర్సెస్' ఆన్‌లైన్ సేవలు 2025 మే నెలాఖరుతో ముగిశాయి. ఒక పాత్ర మీద వందల గంటలు పెట్టిన ఆటగాడికి ఇది నిజమైన నష్టం. దీన్ని ఏ పరిశ్రమా లెక్కలోకి తీసుకోవడం లేదు.

లాహోర్ నుంచి కడోదరా దాకా

ఉపఖండంలో ఈ ఆటల ప్రతిభ బడుల్లో తయారుకాలేదు, పార్లర్లలో తయారైంది. లాహోర్‌కు చెందిన అర్సలాన్ యాష్ కింగ్ ఆఫ్ ఫైటర్స్ ఆడుతూ పెరిగి టెక్కెన్‌కు వచ్చినవాడు. 2019లో ఎవో జపాన్, లాస్ వేగస్ ఎవో రెండూ గెలిచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. అతని సహచరుడు అవైస్ హనీ అకుమాతో పేరు తెచ్చుకున్నాడు. 2డీ ఆటల్లో పదునెక్కిన వేళ్లకు 2డీ నుంచి వచ్చిన అతిథులు అచ్చివచ్చారు. భారత్ విషయానికొస్తే, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 'స్ట్రీట్ ఫైటర్ 5' విభాగంలో మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ దేశం తరఫున ఆడారు.

ఇక మామూలు ఆటగాళ్లుండే ఒక ఊరిని చూద్దాం. సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని కడోదరా, 48వ జాతీయ రహదారి పక్కన రంగుల అద్దకం మిల్లుల మధ్య పెరిగిన పట్టణం. సూరత్ వైపు మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఇలాంటి కార్మిక పట్టణంలో అతిథి పాత్రను ఆడాలంటే మొదటి అడ్డంకి యంత్రమే. నింటెండో తన స్విచ్ యంత్రాన్ని భారత్‌లో అధికారికంగా అమ్మలేదు. కాబట్టి టెర్రీ, కజుయా, స్టీవ్‌లతో స్మాష్ ఆడాలనుకునేవారు దిగుమతి సరుకు మీద ఆధారపడాలి. ప్లేస్టేషన్, మంచి కంప్యూటర్ దొరుకుతాయి గానీ ధర మిల్లు జీతానికి అందదు.

ఫోనుకు అందేది 'బ్రాల్‌హల్లా'. డబ్బు పెట్టకుండా దింపుకోవచ్చు, 2020 ఆగస్టు నుంచి మొబైల్‌లో ఉంది, వారం వారం మారే కొందరు యోధులు ఉచితం. బటన్లు తక్కువ కాబట్టి తెర మీద వేళ్లతోనూ సాగుతుంది. బెన్ 10, డబ్ల్యూడబ్ల్యూఈ మల్లులు, కుంగ్‌ఫూ పాండా ఇందులోకి వచ్చారు. వీరిలో చాలామంది పాత యోధుల మీద తొడిగిన వేషాలే. దెబ్బలు, వేగం, దూరం ఏవీ మారవు. రేమన్, 2022లో వచ్చిన ఎజియో లాంటి కొద్దిమందే సొంత దెబ్బలతో వచ్చారు. వేషం అతిథిని చేయదన్నది నిజమే. అయినా ఎక్కువ మందికి తలుపు తెరిచిన ఆట ఇదే కాబట్టి దీన్ని తక్కువ చేయడం న్యాయం కాదు.

రెండో అడ్డంకి నెట్‌వర్క్. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దారిలో వెళ్లిరావడానికి 10 మిల్లీసెకన్లు, ఒక ఫ్రేముకన్నా తక్కువే. సూరత్‌లో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు కూర్చుని ఆడటానికి భౌతికశాస్త్రం అడ్డురాదు. ఆలస్యమంతా మధ్యలోని పరికరాల్లో, మొబైల్ డేటాలో, ఇంటి వైఫైలో పుడుతుంది. దీనికి మందుగా ప్రోగ్రామర్ టోనీ కానన్ 2000ల నడుమ ఫైటింగ్ గేములకు రోల్‌బ్యాక్ పద్ధతిని రూపొందించాడు. ఎదుటివాడి బటన్ ఏదో ఆట ముందే ఊహించి సాగిపోతుంది, ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటుంది. టెక్కెన్ 8, స్ట్రీట్ ఫైటర్ 6 ఇలా నడుస్తాయి. స్మాష్ అల్టిమేట్ నడవదు. ఒక్క ఫ్రేములో కుదరాల్సిన కజుయా మెరుపు ఆన్‌లైన్‌లో తప్పిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈస్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీల్లో భాగంగా గుర్తించింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధిస్తూ ఈస్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరుచేసింది. 2026 ఐచి–నగోయా ఆసియా క్రీడలకు ప్రకటించిన జాబితాలో స్ట్రీట్ ఫైటర్ 6, టెక్కెన్ 8, కింగ్ ఆఫ్ ఫైటర్స్ 15 మూడూ ఒకే విభాగం కింద ఉన్నాయి. టెర్రీ బోగార్డ్ వీటిలో చివరిదానికి ఇంటివాడు, 2024 సెప్టెంబరు నుంచి మొదటిదానికి అతిథి. ఒకచోట నాలుగు బటన్లతో ముగ్గురి జట్టులో ఒకడు. మరోచోట ఆరు బటన్లతో, డ్రైవ్ గేజ్ అనే మీటర్ లెక్కలతో ఒంటరివాడు. పవర్ వేవ్ రెండు చోట్లా పావు వలయం తిప్పితే వస్తుంది.